కాడి నిలిచే చోటు: మోడలింగ్ నేర్చుకునేవారు బొమ్మలు ఎందుకు గీయాలి?

ఒంగోలులో డిజైన్, యానిమేషన్ నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు ఒక త్రీడీ మోడలర్, అంటే కంప్యూటర్‌లో వస్తువులకు, జంతువులకు ఆకారం కట్టే ఆయన, చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసి పెడుతున్నాం. మాట తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, మొహమాటం వద్దు. బల్ల మీద ఉన్నవి అందరికీ కనిపించాలి. ఒక ఇత్తడి చెంబు, ఒక గ్రానైట్ ముక్క, ఒక తెల్ల బంతి, ఒక టేబుల్ లైటు. తెర మీద చూపించడానికి నేనేమీ తీసుకురాలేదు. ఈ నాలుగే తెచ్చాను.

ముందు ఒక ప్రశ్న. మీలో బ్లెండర్, అదే మన త్రీడీ సాఫ్ట్‌వేర్, తెరిచి ఏదో ఒకటి చేసినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, సంతోషం. ఇప్పుడు రెండో ప్రశ్న. ఈ వారంలో ఎదురుగా ఒక వస్తువును పెట్టుకొని, దాన్ని చూస్తూ, కాగితం మీద పెన్సిల్‌తో ఒక్క బొమ్మైనా గీసినవాళ్ళు ఎంతమంది? ఫోటో చూసి కాదు, వస్తువును చూసి. ఒకరు, ఇద్దరు, అక్కడ ఇంకొకరు. ముగ్గురు.

ఎందుకు అడిగానంటే, ఈ పనిలోకి వచ్చిన మొదటి ఆరేళ్ళు నేను కూడా ఆ రెండో ప్రశ్నకు చేయి ఎత్తలేనివాణ్ణే. సాఫ్ట్‌వేర్ బాగా వచ్చు. ఏ మీట నొక్కితే ఏమవుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. బొమ్మలు గీయడం చిత్రకారుల పని, మనది కంప్యూటర్ పని అనుకునేవాణ్ణి. ఆ అభిప్రాయం ఎలా పోయిందో చెబుతాను.

ఒక కంప్యూటర్ ఆట కోసం పశువుల మోడల్స్ చేసే పని నాకు వచ్చింది. గుర్రం, మేక, గేదె, ఎద్దు. ఎద్దు అనగానే ఒంగోలు గిత్తను చేస్తానన్నాను. మన గిత్త కదా, పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కదా, దానికేం కష్టం అనుకున్నాను. నెట్‌లో ఫోటోలు వెతికి, పక్క నుంచి తీసింది ఒకటి, ముందు నుంచి తీసింది ఒకటి వెనక పెట్టుకొని, వాటి అంచుల వెంట మెష్, అంటే చిన్న చిన్న పలకల వల, కట్టుకుంటూ పోయాను. మూపురం పెట్టాను, గంగడోలు వేలాడదీశాను, తెల్ల రంగు వేశాను. పని ఇచ్చినవాళ్ళకు నచ్చింది. డబ్బు కూడా ఇచ్చారు.

తర్వాత పండక్కి ఊరికి వచ్చినప్పుడు మా పెదనాన్నకు లాప్‌టాప్‌లో చూపించాను. ఆయన జీవితమంతా గిత్తలను సాకినవాడు. కళ్ళజోడు తుడుచుకొని పెట్టుకొని చూశాడు. నేను మౌస్‌తో దాన్ని అటూ ఇటూ తిప్పి చూపిస్తున్నాను. చాలాసేపు ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత తెర మీద వేలు పెట్టి, "అబ్బాయ్, దీనికి కాడి ఎక్కడ పెడతావు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన నన్ను కొట్టంలోకి తీసుకెళ్ళి, గిత్త మెడ మీద, మూపురానికి ముందు, అరచేయి ఆనించి చూపించాడు. "ఇదిగో, ఈ చోటు. కాడి ఇక్కడ ఆనుతుంది, మూపురం దాన్ని వెనక్కి పోనివ్వదు. నువ్వు మూపురాన్ని తీసుకొచ్చి మెడ మీదే కూర్చోబెట్టావు. ఇక కాడికి చోటేది?"

నేను ఆ చోటును పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. చూస్తున్నానని అనుకుంటున్నాను. అరక కట్టేటప్పుడు పక్కనే నిలబడినవాణ్ణి. కాడి ఆనే చోట వెంట్రుకలు అరిగి, చర్మం కాస్త మొద్దుబారి ఉంటుంది. ఆ రోజు ఆయన చేయి తీశాక మొదటిసారి దాన్ని చూశాను. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో.

ఇప్పుడు చెప్పండి, ఆ తప్పు సాఫ్ట్‌వేర్‌దా? కాదు. బ్లెండర్ నేను ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టింది. అర అంగుళం వెనక్కి పెట్టమంటే అదీ పెట్టేది. మోడల్‌ను ఏ వైపు నుంచైనా తిప్పి చూపిస్తుంది. ఏది సరైనదో మాత్రం చెప్పదు. అది కంటి పని. కంటికి ఆ పని నేర్పడానికి నాకు తెలిసిన మార్గం ఒక్కటే, చూస్తూ గీయడం.

ఫోటోలు పెట్టుకొనే చేశావు కదా, అయినా ఎందుకు తప్పింది అని మీరు అడగాలి. అడగండి. రెండు కారణాలు. మొదటిది, ఆ ఫోటోల్లో సగం మన గిత్తలవి కావు. మన జాతి పశువులు ఎన్నో తరాల కిందట ఓడలెక్కి బ్రెజిల్ వెళ్ళాయి. అక్కడ వాటి సంతతిని ఏమని పిలుస్తారో తెలుసా? నెలోర్. మన నెల్లూరు పేరే. అక్కడ వాటిని మాంసం కోసం పెంచుతూ, కండ పట్టినవాటినే ఎంచుకుంటూ వచ్చారు. కాబట్టి ఆ ఒళ్ళు వేరు, మన అరక గిత్త ఒళ్ళు వేరు. వెతికితే ఎక్కువగా వచ్చేవి ఆ ఫోటోలే. నేను రెండింటినీ కలిపి కుట్టాను. తేడా పట్టుకునే కన్ను అప్పటికి నాకు లేదు.

రెండో కారణం మీ అందరికీ పనికొస్తుంది, రాసుకోండి. ఫోన్‌తో దగ్గర నుంచి తీసిన ఫోటోలో, కెమెరాకు దగ్గరగా ఉన్నది పెద్దదవుతుంది, దూరంగా ఉన్నది చిన్నదవుతుంది. మీ స్నేహితుడి ముఖాన్ని జానెడు దూరం నుంచి తీయండి, ముక్కు ఎంతవుతుందో చూడండి. ముందు నుంచి తీసిన ఫోటోలో గిత్త తల అలాగే పెరిగింది. పక్క ఫోటోలో తల కొలత ఒకటి, ముందు ఫోటోలో ఇంకొకటి. రెండూ ఎప్పటికీ కలవవు. కలవనివాటిని కలపడానికి మూడు రోజులు మెష్‌ను అటూ ఇటూ లాగాను. మోడలింగ్ కోసం ఫోటో తీసుకోవాలంటే దూరంగా వెళ్ళి, జూమ్ చేసి తీయాలి. పర్‌స్పెక్టివ్‌ను, అంటే దగ్గరది పెద్దగా, దూరంది చిన్నగా కనిపించే తీరును, నిర్ణయించేది మనం నిలబడిన దూరం. లెన్స్ ఆ దృశ్యాన్ని ఎంత మేరకు కత్తిరించాలో మాత్రమే చూస్తుంది. ఇది నాకు కాగితం మీద గీశాకే తలకెక్కింది.

ఆ పండుగ సెలవును మూడు వారాలకు పొడిగించుకున్నాను. రోజూ పొద్దున పాలు పితికే వేళకు కొట్టంలో పీట వేసుకొని కూర్చునేవాణ్ణి. ఒక రూళ్ళు లేని పుస్తకం, ఒక 2బి పెన్సిల్. అంతే.

మొదటి రోజు ఏమైందంటే, ముట్టె దగ్గర మొదలుపెట్టి, నుదురు, కొమ్ము, చెవి అంటూ అంచు వెంట గీసుకుంటూ వెళ్ళాను. తోక దాకా వచ్చేసరికి కాగితం అయిపోయింది, వెనక కాళ్ళకు చోటు లేదు. ఎందుకు? భాగాలను ఒకదాని తర్వాత ఒకటి గీస్తున్నాను, మొత్తాన్ని ఒక్కసారి కూడా కొలవలేదు. పైగా గిత్త నిలబడి ఉంటుందా? ఉండదు. ఈగ వాలితే తల విసురుతుంది, కాలు మారుస్తుంది.

నాలుగో రోజుకు పద్ధతి మారింది. అది కదిలేలోపు అర నిమిషంలో వెన్ను గీత ఒక్కటి, మెడ వాలు ఒకటి, నాలుగు కాళ్ళు ఆనిన చోట్లు. అంతకంటే ఏమీ లేదు. అలాంటివి రోజుకు నలభై. అప్పుడు కనిపించింది అసలు సంగతి. వెన్ను గీత నేను అనుకున్నట్టు బల్లపరుపుగా లేదు. మూపురం వెనక కాస్త దిగి, నడుము దగ్గర మళ్ళీ లేచి, తోక మొదట్లో వాలుతుంది. నా మోడల్‌లో అది స్కేలు పెట్టి గీసినట్టుంది.

ఇంకొకటి చూడండి. పశువు వెనక కాలు బొమ్మ గీసేటప్పుడు అందరూ ఒక మాట అంటారు, దాని మోకాలు వెనక్కి వంగుతుందని. మీరు కూడా అనుకుంటున్నారా? అది మోకాలు కాదు. అది మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట పక్కన, చర్మం మడతలో ఉంటుంది. గిత్త నడిచేది వేళ్ళ కొసల మీద, గిట్టలు దాని గోళ్ళు. మీ మడమ నేల నుంచి లేపి, వేళ్ళ కొసల మీద నిలబడండి, మీ కాలే దాని కాలవుతుంది. ఇది తెలియకుండా ఎముకల అమరిక చేసి, ఆ మోడల్‌ను నడిపిస్తే ఏమవుతుంది? కాలు తప్పుడు కీలు దగ్గర వంగుతుంది. చూసేవాడికి కారణం తెలియదు, కానీ ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. ప్రేక్షకుడి కన్ను చాలా గట్టిది. వాడు చెప్పలేడు, అయినా పట్టేస్తాడు.

కాళ్ళు నాకు ఎంతకీ కుదరలేదు. ఒక పొడవు, ఒక పొట్టి. అప్పుడు కాళ్ళను గీయడం మానేసి, కాళ్ళ మధ్య ఖాళీలను గీశాను. పొట్ట కింద, నాలుగు కాళ్ళ నడుమ, గోడ కనిపించే ఆ వెలుగు ముక్కలు. ఒకటి త్రికోణంలా ఉంది, ఒకటి వంగిన పలకలా ఉంది. కాలు ఎలా ఉంటుందో నా బుర్రకు ముందే ఒక అభిప్రాయం ఉంది, అది అడ్డొస్తుంది. ఖాళీ ఎలా ఉంటుందో ఎవరికీ అభిప్రాయం లేదు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు గీస్తాం. ఖాళీలు సరిగ్గా వస్తే కాళ్ళు వాటంతట అవే వస్తాయి. నమ్మకం కుదరకపోతే ఇంటికెళ్ళి కుర్చీ మీద ప్రయత్నించండి. కుర్చీని గీయకండి, కుర్చీ సందులను గీయండి.

నిటారు చూసుకోవడానికి మేస్త్రీలు గోడ దగ్గర గుండు కట్టిన దారం వేలాడదీస్తారు కదా, పెన్సిల్‌ను అలా పట్టుకునేవాణ్ణి. మోచేయి చాచి, ఒక కన్ను మూసి, మూపురం కొస నుంచి కిందికి దించితే ఎక్కడ తగులుతుంది? ముందు గిట్ట దగ్గరా, దానికి వెనకా? ఆ ఒక్క కొలత నా మోడల్‌లో చూసుకొని ఉంటే పెదనాన్నకు అడగాల్సిన పని ఉండేది కాదు.

సరే, గిత్తను కాసేపు పక్కన కట్టేద్దాం. ఈ చెంబును చూడండి.

అమ్మా, ముందు వరుసలో నువ్వు, నీలం ఓణీ అమ్మాయి. ఇక్కడి నుంచి చెంబు మూతి ఏ ఆకారంలో కనిపిస్తోంది? గుండ్రంగానా? చెంబు మూతి గుండ్రమే, అది మనకు తెలుసు. కనిపించేది ఏమిటి? కోడిగుడ్డులా, ఇంకా నొక్కినట్టు, అవును. ఇప్పుడు దీన్ని నీ కంటి ఎత్తుకు లేపుతున్నాను. ఇప్పుడు? గీత. ఒట్టి గీత. మళ్ళీ దించుతున్నాను. తెరుచుకుంటోంది కదా? కంటి ఎత్తు నుంచి ఎంత కిందికి వెళితే అంతగా తెరుచుకుంటుంది. అంటే మూతి కంటే అడుగు ఎక్కువ గుండ్రంగా కనిపించాలి. కానీ నేను చూసిన వందమందిలో తొంభైమంది అడుగును సరళ రేఖగా గీస్తారు. ఎందుకు? చెంబు బల్ల మీద చదునుగా కూర్చుందని వాళ్ళకు తెలుసు కాబట్టి. తెలిసిందే గీశారు, కనిపించింది గీయలేదు. ఇంకొందరు మూతికి రెండు పక్కలా కొసలు తీస్తారు, చేపలా. దానికి మూలలు ఉండవు. ఎంత సన్నగా నొక్కినా, పక్కల్లో గుండ్రంగా తిరగాల్సిందే.

ఈ చెంబును బ్లెండర్‌లో చేయాలంటే ఏం చేస్తారు? ఒక పక్క అంచు గీత గీసి, దాన్ని ఇరుసు చుట్టూ తిప్పేస్తారు. స్పిన్ అంటారో, స్క్రూ అంటారో, కుమ్మరి సారె మీద చేసేది కూడా అదే. యంత్రం చేసేది ఆ తిప్పడం. చెంబు అందమంతా ఎక్కడుంది? ఆ ఒక్క గీతలో ఉంది. మెడ దగ్గర ఎంత లోపలికి వెళ్ళాలి, భుజం ఎక్కడ మొదలవ్వాలి, పొట్ట ఎక్కడ అత్యంత వెడల్పు కావాలి. పొట్ట వెడల్పు సరిగ్గా మధ్యలో పెడితే అది చెంబు కాదు, డబ్బా. ఈ చెంబులో మధ్యకు కొంచెం కింద ఉంది, అందుకే నీళ్ళు నింపినా దొర్లదు, చేతిలోనూ కుదురుతుంది. ఆ గీత కాగితం మీద ఇరవై సార్లు గీసినవాడికి, కంప్యూటర్‌లో నాలుగు బిందువులు చాలు. గీయనివాడు నలభై బిందువులు పెట్టి, ఒక్కొక్కటీ లాగుతూ కూర్చుంటాడు. అంచు గతుకుల రోడ్డులా వస్తుంది.

బిందువులంటే గుర్తొచ్చింది. నాకు బొమ్మలు రావు అని చాలామంది అమ్మాయిలు నాతో అంటారు. సంక్రాంతికి పదిహేను చుక్కల మెలికల ముగ్గు ఎవరు వేస్తారమ్మా? మీరే కదా? ముందు చుక్కలు పెడతారు, సమాన దూరంలో, స్కేలు లేకుండా. తర్వాత ఆ చుక్కలను చుట్టుకుంటూ గీత తిప్పుతారు, ఎక్కడా తెగకుండా. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పెన్ టూల్ అంటే అదే వరస. ముందు బిందువులు, తర్వాత వంపు. 1960లలో ఫ్రాన్స్‌లో రెనో కార్ల కంపెనీలో పియెర్ బెజియే అనే ఇంజనీరు, కారు ఒంటి మీది వంపులను లెక్కలో పట్టుకోవడానికి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిని మీరు రోజూ వాడుతున్నారు. అక్కడ వంపు అన్ని బిందువుల మీదుగా పోదు, కొన్నిటి వైపు ఒరుగుతుంది. మెలికల ముగ్గు గీత కూడా చుక్క మీదుగా పోదు, పక్క నుంచి తిరుగుతుంది. లెక్క వేరు, చేతికి కావలసిన ఒడుపు ఒక్కటే. ఆ ఒడుపు మీకు ఉంది. రాదు అనకండి.

కంప్యూటర్ గ్రాఫిక్స్ మొదలుపెట్టినవాళ్ళు ఎలా పని చేశారో తెలిస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. 1971లో హెన్రీ గురో అనే ఆయన, గరుకు పలకలతో కట్టిన ముఖం నున్నగా కనిపించే పద్ధతి కనిపెట్టాడు. ముఖం ఎవరిది? ఆయన భార్యది. ఆమె ముఖం మీదే గీతలు గీసి, ఫోటోలు తీసి కొలిచాడు. 1972లో ఎడ్ క్యాట్మల్, తర్వాత పిక్సార్ అనే యానిమేషన్ సినిమాల కంపెనీ స్థాపించినవారిలో ఒకరు, తన సొంత చేతికి అచ్చు తీసి, ఆ అచ్చు మీద సిరాతో దాదాపు 350 పలకలు గీశాడు. ఒక్కొక్క మూలనూ కొలిచి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఏ పలక ఎక్కడ ఉండాలో ఆ సిరా గీతల్లోనే తేలింది. మీరు ఇప్పుడు టోపాలజీ అంటున్నది అదే. 1975లో మార్టిన్ న్యూవెల్, మీ సాఫ్ట్‌వేర్‌లో చాలావాటిలో కనిపించే ఆ టీపాట్‌ను తయారు చేశాడు. ఆయన ముందు ఏం చేశాడు? తన ఇంట్లో ఉన్న టీపాట్‌ను ఎదురుగా పెట్టుకొని, గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో గీశాడు. ముగ్గురూ అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పని చేసినవాళ్ళే. లోకమంతా వాడుకుంటున్న మోడల్ మొదట పెన్సిల్ గీత.

వాళ్ళ దగ్గర మనకున్న సాఫ్ట్‌వేర్ లేదు కాబట్టి గీశారు అంటారా? నిజమే, లేదు. కానీ ఉన్నాక మనకు ఒక సౌకర్యం వచ్చి, ఒక అవసరం మరుగున పడింది. వస్తువును ఎదురుగా పెట్టుకొని చూసే అవసరం.

ఇక వెలుతురు. ఈ రాయి చూడండి. చీమకుర్తి రాయి, బ్లాక్ గెలాక్సీ. ఎక్కడెక్కడి దేశాలకో వెళుతుంది ఇక్కడి నుంచి. మీలో ఎవరి ఇంట్లోవాళ్ళైనా క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పని చేస్తున్నారా? చాలామందే. అయితే ఈ మాట మీకు నాకంటే బాగా తెలుసు. ఈ వైపు పాలిష్ పట్టింది. ఏ రంగు? నలుపు, కాటుక నలుపు, మధ్యలో బంగారు చుక్కలు. ఇప్పుడు తిప్పుతున్నాను. వెనక వైపు పాలిష్ లేదు. ఏ రంగు? బూడిద. రెండూ ఒకే రాయి కదా? మరి రంగు ఎందుకు మారింది?

గరుకు తలం మీద పడ్డ వెలుతురు నలుదిక్కులకూ చెదిరిపోతుంది. అందులో కొంత ఎప్పుడూ మన కంటికి వస్తూనే ఉంటుంది. అందుకే బూడిదగా, పాలిపోయినట్టు ఉంటుంది. నున్నటి తలం మీద పడ్డది ఒకే దిక్కుకు తిరిగి వెళుతుంది. ఆ దిక్కులో మన కన్ను ఉంటే లైటు ప్రతిబింబం కనిపిస్తుంది, ఇదిగో, ఇక్కడ. లేకపోతే రాయి తన నలుపును చూపిస్తుంది. బూడిద వైపు కాస్త తడి చేస్తున్నాను. చూశారా? నల్లబడింది. నీళ్ళు గుంటలను పూడ్చి తాత్కాలికంగా నునుపు చేశాయి. మీ సాఫ్ట్‌వేర్‌లో రఫ్‌నెస్ అని ఒక మీట ఉంది, సున్నా నుంచి ఒకటి దాకా. దాన్ని గుడ్డిగా జరుపుతూ బాగుందా లేదా అని చూస్తారు. ఈ రాయిని ఒక గంట పెన్సిల్‌తో గీసినవాడికి ఆ మీట ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

మన భాషలో నీడ అన్న మాట ఒక్కటే, కానీ గీసేటప్పుడు రెండు నీడలను విడదీసి చూడాలి. బంతిని లైటు కింద పెడుతున్నాను. వస్తువు మీదే ఉండే నీడ ఒకటి, వస్తువు నుంచి బల్ల మీద పడే నీడ ఒకటి. బంతి మీది నీడ అంచు మెత్తగా కరుగుతుంది, ఎందుకంటే తలం మెల్లగా తిరుగుతోంది. బల్ల మీది నీడ అంచు బంతి దగ్గర గట్టిగా ఉండి, దూరం వెళ్ళేకొద్దీ మెత్తబడుతుంది. బంతి మీద అత్యంత చీకటి ఎక్కడుంది? కింద అంచునా? కళ్ళు చికిలించి చూడండి. అంచున కాదు, కాస్త లోపల ఉంది. అంచు దగ్గర కొంచెం తేలికైంది. ఎందుకు? బల్ల మీద పడ్డ వెలుతురు తిరిగి బంతి కడుపును తాకుతోంది. ఎర్ర గుడ్డ పరిస్తే అక్కడ ఎరుపు వస్తుంది. కళ్ళు చికిలించడం అలవాటు చేసుకోండి. చిన్న చిన్న వివరాలు పోయి పెద్ద వెలుగులు, పెద్ద చీకట్లు మిగులుతాయి. రంగుల జోలికి వెళ్ళకముందు మోడల్‌ను బూడిద రంగులోనే వెలిగించి చూడండి. బూడిదలో నిలబడనిది రంగులో నిలబడదు.

పర్‌స్పెక్టివ్ గురించి పుస్తకంలా చెప్పను. కొత్తపట్నం సముద్రం దగ్గరికి వెళ్ళండి, అంతే. నింగీ నీరూ కలిసే గీత ఎక్కడుంది? మీ కంటి ఎత్తులో. ఒడ్డున మీ అంత ఎత్తున్నవాళ్ళు దగ్గర ఉన్నా, అల్లంత దూరాన ఉన్నా, ఆ గీత అందరి కళ్ళ మీదుగానే పోతుంది. ఇసుకలో కూర్చోండి. గీత మీతోపాటు కిందికి దిగి, నిలబడ్డవాళ్ళ నడుము దగ్గరికి వస్తుంది. పడవ ఎక్కి నిలబడండి, గీత వాళ్ళ తలల పైకి లేస్తుంది. ఫోటోలో మీ మోడల్‌ను కలిపినప్పుడు అది గాలిలో తేలుతున్నట్టు, బొమ్మను అతికించినట్టు కనిపిస్తే, తొంభై పాళ్ళు ఈ గీత దగ్గరే తప్పు జరిగి ఉంటుంది. ఫోటో తీసినవాడు నిలబడి తీశాడు, మీ కెమెరా నేల మీద కూర్చుంది. ఒక సాయంత్రం ఒడ్డున కూర్చొని పది బొమ్మలు గీస్తే, ఈ సంగతి జన్మలో మరిచిపోరు.

ఇక ప్రశ్నలు. అడగండి.

కంప్యూటర్‌లో బొమ్మలు గీసే టాబ్లెట్ ఏది కొనాలి అని అడుగుతున్నారు. ఇప్పుడే వద్దు. రూళ్ళు లేని పుస్తకం ఒకటి, 2బి పెన్సిల్ ఒకటి. ఆ పుస్తకం నిండాక, అప్పటికీ గీయాలనే ఉంటే, తెర లేని మామూలు పెన్ టాబ్లెట్ చాలు. బొమ్మలు గీసే క్రిటా, మోడల్స్ చేసే బ్లెండర్ రెండూ ఉచితమే. ఇంట్లో అప్పు చేయించి ఖరీదైనవి కొనిపించకండి. నేను ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే అలా కొని మూల పడేసినవి చాలా చూశాను.

ఆ చివర్న అమ్మాయి, చేయి వణుకుతుంది, గీత వంకర పోతుంది అంటోంది. వేళ్ళతో గీస్తున్నావేమో చూసుకోమ్మా. వేళ్ళు అక్షరాలకు సరిపోతాయి, పొడవాటి గీతకు భుజం కదలాలి. మొదలు ఒక చుక్క, చివర ఒక చుక్క పెట్టు. పెన్సిల్ కొసను చూడకు, చేరాల్సిన చుక్కను చూడు. కాగితాన్ని తాకకుండా గాల్లో రెండు మూడు సార్లు చేయి ఆడించి, ఆ ఊపులోనే గీసెయ్యి. వంకర పోతే చెరపకు. పక్కనే ఇంకొకటి గియ్యి. చెరిపితే ఎంత తప్పిందో తెలియకుండా పోతుంది.

మంచి ప్రశ్న, అడిగినందుకు సంతోషం. మాట టైపు చేస్తే బొమ్మ యంత్రమే ఇస్తోంది కదా, ఇక మేమెందుకు గీయాలి అంటున్నాడు ఈ బాబు. నేను కూడా ప్రయత్నించాను. ఒంగోలు గిత్త బొమ్మ అడిగాను. తళతళలాడే గిత్తలు నాలుగు వచ్చాయి. ఒకదానికి మూపురం మెడ మీదే ఉంది, నేను పెట్టిన చోటే. కొమ్ములు ఈటెల్లా పొడవుగా ఉన్నాయి, మన గిత్తకు పొట్టిగా, మొదట్లో లావుగా ఉంటాయి. నాకు ఆ తప్పులు క్షణంలో కనిపించాయి. పదేళ్ళ కిందట అయితే, బ్రహ్మాండంగా ఉంది అని తీసుకుపోయి ఇచ్చేసేవాణ్ణి. రేపు మీ దగ్గరికి అలాంటి బొమ్మలు రోజుకు వంద వస్తాయి, వీటిలో ఏది పనికొస్తుంది, ఏది దిద్దాలి అని మిమ్మల్నే అడుగుతారు. మీ దగ్గర సమాధానం ఉండాలి కదా?

రోజుకు ఎంతసేపు అంటే, అరగంట చాలు. కానీ రోజూ. ఆదివారం ఆరు గంటలు కూర్చుంటాను అంటే కుదరదు, చేయి సోమవారానికి మరిచిపోతుంది. ప్రతి పేజీ మీదా తేదీ వేయండి. ఎవరికీ చూపించనక్కరలేదు.

గిత్త మోడల్‌ను మళ్ళీ చేశాక పెదనాన్నకు చూపించారా అని అడుగుతున్నారు. చూపించాను. మోడల్ కంటే ముందు పుస్తకం చూపించాను. మూడు వారాల పేజీలూ తిరగేశాడు. ఒక పేజీ దగ్గర ఆగి, "ఇది మన పెద్ద గిత్త. కుడి కాలు ఎత్తి పెట్టే అలవాటు దీనికే ఉంది" అన్నాడు. అది అర నిమిషంలో గీసిన బొమ్మ. నాలుగు గీతలు, కంటికి చుక్క కూడా పెట్టలేదు.

సరే, ఇప్పుడు సమయం ఎంతైంది? ఇంకో ఇరవై నిమిషాలు ఉంది. కాగితాలు ఇటు నుంచి పంపిస్తున్నాను, ఒక్కొక్కరూ రెండేసి తీసుకోండి. పెన్సిల్ లేనివాళ్ళు పక్కవాళ్ళను అడగండి, పెన్నైనా ఫరవాలేదు. ఫోన్లు సంచుల్లో పెట్టేయండి. బాబూ, ఆ ట్యూబు లైట్లు ఆర్పెయ్యి, కిటికీ తెర కూడా దించు. ఈ టేబుల్ లైటు ఒక్కటే ఉంటుంది. చెంబు, దాని పక్కన రాయి. ముందు రెండు నిమిషాలు ఎవరూ పెన్సిల్ కదపకండి. చూడండి.